పక్క వరస సాంచాల చప్పుడు

సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్ల ఇళ్లలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. అమ్రోలిలో మా గదికి కొత్తగా వచ్చినవాళ్లు లోపల పోట్లాట జరుగుతోందనుకుంటారు. వాటి మోతకు చెవులు మొద్దుబారి, అన్నం పెట్టమని కూడా అరిచే అడుగుతాం. అయినా కార్ఖానాలో మాకు ఆ చెవులే దిక్కు. పోగును అటూ ఇటూ లాగే నాడె దెబ్బ కాస్త తేడాగా వినబడిందంటే ఎక్కడో పోగు తెగిందన్నమాట. వెంటనే ఆపకపోతే బట్ట పొడవునా గీత పడుతుంది.

నేను పనిలో చేరిన కొత్తలో మా బాపును చూస్తే విసుగొచ్చేది. తన ఆరు సాంచాలు వదిలేసి మాటిమాటికీ పక్క వరసలోకి పరుగెత్తేవాడు. అక్కడి పెద్దాయన భుజం తట్టి, ఫలానా సాంచ అని చూపించి వచ్చేవాడు. ఈలోగా మా బట్ట పాడయ్యేది, సేఠ్ తిట్లు మాకు పడేవి. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏంది బాపూ, ఆయన సాంచాలు ఆయన చూసుకోడా?"

"ఆయనకు ఇనబడ్తలేదు బిడ్డా. సేఠ్‌కు ఎర్కైతే రేపే పనిలకెంచి తీసేస్తడు. గీ వయసుల ఏడికి పోతడు? నాకు ఇనబడ్తున్నది గద, ఆయనయి గూడ నేనే ఇంటున్న."

రెండు చెవులతో పన్నెండు సాంచాలు. అదీ మూడేళ్లు. పెద్దాయన తనంతట తాను పని మానుకుని ఊరికి వెళ్లేదాకా సేఠ్‌కు అనుమానమే రాలేదు. బాపు ఈ సంగతి ఇంట్లో అమ్మకు కూడా చెప్పలేదు. అలాంటి మనిషిని విసుక్కున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత బాపు వంతు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆయన వెనకాలే నాడె దెబ్బ మారింది, ఆయన తిరిగి చూడలేదు. నేనే వెళ్లి ఆ సాంచ ఆపాను. ఆ రోజు నుంచి బాపు సాంచాలు కూడా నేనే విన్నాను. భుజం తడితే చిన్నబుచ్చుకుంటాడని, ఏదో పని ఉన్నట్టు అటు వెళ్లి పోగు ముడేసి వచ్చేవాణ్ని. ఆయనకు తెలియదనే అనుకున్నాను. తండ్రికి తగ్గ కొడుకునని లోలోపల మురిసిపోయాను కూడా.

పోయిన ఏడాది బాపు పని మానేశాడు. ఆయన సాంచాలు ఒడిశా నుంచి వచ్చిన ఒక కొత్త మనిషికి ఇచ్చారు. అతనికి చప్పుళ్ల తేడా ఇంకా తెలియదు. వారంలో పని పట్టుబడకపోతే పంపించేస్తానని సేఠ్ ముందే చెప్పాడు. బాపు చివరి రోజున గేటు దాకా సాగనంపడానికి వెళితే, ఆయన ఆగి గట్టిగా అన్నాడు.

"ఇన్ని దినాలు నా సాంచాలు నువ్వే ఇన్నవ్, నాకెర్కే. ఇగ గాయనయి ఇను."

నేను విన్నది కన్నతండ్రి కోసం. బాపు విన్నది ఏమీ కాని మనిషి కోసం. ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. తలూపి లోపలికి వెళ్లాను. అప్పటికే కొత్త మనిషి సాంచ ఒకటి తేడాగా కొడుతోంది, అతను ఇంకో దాని మీద వంగి ఉన్నాడు. నా సాంచాలు వదిలేసి అటు పరుగెత్తాను.