సీసా కింద చేయి

మా ల్యాబ్ తాత పోయాడని సోమవారం భావనపాడు నుంచి ఆయన కూతురు రాయించిన కార్డు వచ్చింది. విజయనగరంలో మా కాలేజీ కుందేళ్లను తెల్లదొరల కాలం నుంచి చూసుకున్న అటెండరు ఆయన. కిందటేడే రిటైరై, సముద్రం ఒడ్డునున్న సొంత ఊరు చేరాడు.

కుందేలు కిడ్నీలు ఎంత బాగా పనిచేస్తున్నాయో కొలవడం నా పని. దాన్ని ఇరుకైన జాలీ బోనులో ఒక రోజంతా ఉంచి, గరాటా గుండా కింద సీసాలోకి పడే మూత్రమంతా పట్టాలి. చెవి నుంచి కాస్త రక్తం తీయాలి. రెండింటినీ పరీక్షించి లెక్క కట్టాలి. సీసాలోంచి ఒక్క చెంచాడు పోయినా లెక్క తప్పు.

బోనులో పెట్టేటప్పుడు తాత కుందేలును బతిమాలుకునేవాడు. "ఒక్క రోజేనే తల్లీ. రేపీపాటికి గడ్డిలో ఉంటావు."

సీసా తీసేటప్పుడు ఒక చేత్తో దాని మెడ పట్టుకుని, రెండో అరచేయి అడుగున పెట్టేవాడు. "రెండు సేతులెట్టమ్మా. సదువుకున్నోల్లకి ఒక సెయ్యి ఎప్పుడూ పుస్తకం మీదే ఉంటాది," అని నన్ను ఎగతాళి చేసేవాడు.

ఒక ఉదయం నేను ఒంటిచేత్తో తీసిన సీసా జారింది. సగం నేలపాలైంది. ప్రొఫెసరుగారంటే నాకు మామూలుగానే భయం. ముందు రోజు ఇంకో కుందేలుకు వచ్చిన అంకెనే రికార్డు పుస్తకంలో దించేశాను. కాన్వెంటులో నేర్చిన గుండ్రటి రాతలో అది నిజంలాగే కనిపించింది.

తాతకు చదవడం రాదు. తడి నేల చూశాడు, నా కలం చూశాడు.

"ఏటి రాసినావమ్మా?"

పుస్తకం మూయబోయాను.

"ఒలికిపోనాదని రాయి."

"అలా రాస్తే దీన్ని ఇంకో రోజు బోనులో ఉంచాలి తాతా," అన్నాను. ఆయన జాలి వెనక దాక్కోవాలని చూశాను.

ఆయన జాలీలోంచి వేలు పెట్టి కుందేలు చెవి నిమిరాడు. "ఉంటాది, పాపం. నువ్వు అబద్దం రాస్తే, నిన్న పడ్డ కష్టం కూడా దండగైపోతాది దానికి."

"సార్ తిడితే?"

"తిడతారు. నానూ పక్కనుంటాను. ఇద్దరికీ పంచి తిట్టమందుం."

అంకె కొట్టేసి, 'ఒలికిపోయింది' అని రాశాను. ప్రొఫెసరుగారు తిట్టారు. తాత నిజంగానే నా పక్కన నిలబడ్డాడు. తర్వాత ఆ రోజంతా బోను దగ్గర పీట వేసుకుని, కుందేలుకు వాళ్ల ఊరి పడవల కబుర్లు చెప్పాడు.

కార్డు వచ్చిన మర్నాడు బోను దగ్గరికి వెళ్లాను. సీసా నిండుగా ఉంది. కుడిచేత్తో మెడ పట్టుకున్నాను. నేను తలచుకోకముందే ఎడమ అరచేయి అడుగుకు చేరింది. గాజు ఇంకా కాస్త వెచ్చగా ఉంది.