పచ్చికకు అడ్డం నిలబడిన రెడ్డెమ్మక్క

నిన్న బుధవారం. పొద్దున మబ్బు పట్టింది, గాలి లేదు. గొర్రెల తొట్టి కడిగి నీళ్లు నింపుతున్నాను.

ఫోన్ మోగింది. పుంగనూరు నుంచి వెంకటరమణన్న.

"రెడ్డెమ్మక్క సచ్చిపోయిందప్పా."

ఏ రెడ్డెమ్మక్క అని అడిగాను. తెలిసే అడిగాను.

ఆవుకు పాలు పిండుతూ గుండెలో నొప్పి అన్నదట. ఆటో ఎక్కించేలోపే అయిపోయింది.

తొట్టి నిండి నీళ్లు పొర్లిపోతున్నా మోటారు ఆపాలని తోచలేదు.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. రెడ్డెమ్మక్క పశుసఖి. ఊరూరా తిరిగి గొర్రెలకు, ఆవులకు టీకాలు వేయించేది. చిన్న జబ్బులకు మందు ఇచ్చేది, పెద్దవైతే డాక్టరుకు ఫోన్ చేసేది. పుట్టింది కుప్పం వైపు, కాపురం పుంగనూరు దగ్గర. ఒక పాత మోపెడ్, వెనక ఐస్ బాక్స్.

నాకు ఆమె ఎలా పరిచయమైందో చెప్పాలి.

కొన్నేళ్ల కిందట మా పెద్దమండ్యంలో మేత లేదు. నేను, మా బావమరిది చిన్నప్ప మందలు కలిపి కుప్పం వైపు తోలుకుపోతున్నాం. దారిలో వెంకటరమణన్న టమాటా తోటలో ఆపాం. కాపు అయిపోయిన తోట. గొర్రెలకు మేత, ఆయన నేలకు ఎరువు.

అప్పటికి తొలివానలు పడ్డాయి. గట్ల నిండా లేత పచ్చిక. ఎండిన పుల్లలు నమిలి వచ్చిన గొర్రెలు ఎగబడి మేశాయి. చూసి సంతోషపడ్డాం.

మర్నాడు పొద్దున ఒక పిల్ల ఎగిరి పడింది. మెడ వెనక్కి విరుచుకుని కాళ్లు కొట్టుకుంది. చిన్నప్ప పరుగెత్తి వెళ్లేసరికి ప్రాణం పోయింది.

చూస్తుండగానే ఇంకొకటి.

ఇంకొకటి.

టమాటాకు ఎంత పురుగుమందు కొడతారో అందరికీ తెలుసు. చిన్నప్ప కర్ర ఎత్తి వెంకటరమణన్న మీదికి పోయాడు.

"మందు కొట్టిన తోటలోకి పిలిసి నా గొర్రెల్ని సంపినావు కదరా!"

"నోరు అదుపులో పెట్టుకో. మందు కొట్టి నెల దాటింది. మీ మంద రోగం నా ఆవులకు తగిలితే ఎవురు దిక్కు?"

ఆయన వెనక ఊరి మనుషులు చేరుతున్నారు. మా వైపు ఇద్దరమే. ఆ మంద తప్ప మాకు వేరే బతుకు లేదు.

ఆ గుంపులోనే ఎవరో ఫోన్ చేశారు. రెడ్డెమ్మక్క వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. నేరుగా వెళ్లి చచ్చిన పిల్లల దగ్గర కూర్చుంది.

"ఇవి మందలో ఎట్లాంటివి?"

"అన్నిట్లోకి బాగా బలిసినవి" అన్నాను.

"విషమైతే బక్కవాటిని ఇడిసిపెట్టి బలిసినవాటినే యాల పట్టుకుంటాది? చిటుకు రోగం మాదిరి ఉండాది. పచ్చి ఒక్కసారిగా మేస్తే కడుపులోనే విషం పుడతాది. కానీ నేను డాక్టర్ని కాను. ఆయన కోసి సూసి సెప్పాల."

"ఆయన యాడుండాడు?" అన్నాడు చిన్నప్ప.

"వేరే ఊళ్లో. వచ్చేకి సాయంత్రమవుతాది. అంతదాకా ఒక్క గొర్రె కూడా పచ్చిక మీద మూతి పెట్టకూడదు."

మందను పక్కనున్న రాతిగుట్ట మీదికి తోలాం. కిందంతా పచ్చగా కనిపిస్తోంది. ఎండ ముదిరేకొద్దీ అరుపులు పెరిగాయి. గొర్రెలు పెంచినవాళ్లకు ఆ అరుపు గురించి చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం గుట్ట మీదే ఇంకో పిల్ల ఎగిరి పడి చచ్చిపోయింది.

చిన్నప్ప లేచాడు. "సూసినావా అక్కా? ఈడ పచ్చికేమన్నా ఉండాదా? ఆకలికే సస్తాండాయి. నేను కిందికి తోలుతాండా."

ఆమె దారికి అడ్డంగా నిలబడింది. "అది నిన్న మేసిందాని పనప్పా. ఆకలికి ఈపొద్దే సావవు."

"నీ మాట తప్పయితే?"

"తప్పయినా కావచ్చు."

అన్నదే గానీ పక్కకు జరగలేదు.

"తోలాలంటే నా మీద తోలు. బలిసినోళ్లనే పట్టుకునే రోగమైతే, ఈడ ముందు నేనే పోవాల" అని నవ్వింది.

చిన్నప్పకు నవ్వు రాలేదు. కర్ర మాత్రం దించాడు.

అప్పుడు వెంకటరమణన్న వైపు తిరిగింది. "అన్నా, నీ దొడ్లో ఆవుల మేతకు దాచిన చెనక్కాయ కట్టె ఉండాది కదా. ఇంత ఎయ్యి వీటికి."

"నన్ను అన్ని మాటలన్నాడే, వాని గొర్రెలకు నేను మేత ఎయ్యాలనా?"

"వాడు అన్నాడు. గొర్రెలు అన్లేదు కదా."

ఆయన దొడ్లోకి పోయాడు. తర్వాత తనే మోపు నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కాడు.

డాక్టరు వచ్చేవరకు ఇంకొకటి పడలేదు. ఆయన కోసి చూసి, అది చిటుకు రోగమే అన్నాడు. మిగిలినవాటికి టీకాలు వేశారు.

వెళ్లేముందు అక్క మళ్లీ హెచ్చరించింది. "సూది ఏసినామని రేపే ఇడిసిపెట్టొద్దండి. అది పని చేసేకి దినాలు పడతాది. ముందు ఎండుమేత, తర్వాతే కొంచెం కొంచెంగా పచ్చి."

మా మంద నిలబడింది.

ఆ తర్వాత మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కాపరులందరినీ ఒక వాట్సాప్ గ్రూప్‌లో చేర్చింది. చదవలేనివాళ్లే ఎక్కువ కాబట్టి అన్నీ వాయిస్ మెసేజ్‌లే. టీకాలు ఏ ఊరికి ఎప్పుడొస్తాయి, డాక్టరు ఎక్కడున్నాడు, రోగంతో చచ్చిన గొర్రెను ఎందుకు కోసుకుని తినకూడదు. మధ్యలో తిట్లు కూడా.

ఈరోజు పొద్దున మట్టి చేశారు. ఊరివాళ్లు వచ్చారు, వెంకటరమణన్న వచ్చాడు. కాపరుల్లో నేనొక్కడినే.

ఆమె భర్త నాగరాజన్న నన్ను పక్కకు పిలిచాడు.

"ఇంట్లో కూడు కూడా తినకుండా వాళ్ల కోసం తిరిగె కదప్పా. ఒక్కడన్నా రాలేదే, యాల?"

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా ఆయనకు చదివి వినిపించండి.

నాగరాజన్నా, పోయిన వారం వానలు పడ్డాయి. గట్లన్నీ మొలిచాయి. చాలా ఊళ్లలో టీకాలు ఇంకా పూర్తి కాలేదు.

మొన్న సాయంత్రం అక్క గ్రూప్‌లో పెట్టిన మెసేజ్ ఇది: "పచ్చిక లేసింది. ఈ వారం ఎవురూ మందను ఇడిసి యాడికీ పోవద్దండప్పా. పెండ్లయినా సరే, సావయినా సరే."

వాళ్లు ఆ మాట విన్నారన్నా.

నా మంద దగ్గర నా భార్య నిలబడింది కాబట్టి నేను రాగలిగాను. చిన్నప్పకు అలా నిలబడేవాళ్లు ఎవరూ లేరు. పొద్దున ఫోన్‌లో ఏడుస్తుంటే వాడి వెనక గొర్రెల అరుపు వినిపించింది. గట్టుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

అక్కా, ఒక్క మంద కూడా పచ్చికలోకి దిగలేదు. నెమ్మదిగా పడుకో.