నురగమ్మ నానబెట్టిన తెల్లబూట్లు

ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై రెండేళ్ళు దుప్పట్లు ఉతికిన ఆ మనిషిని అందరూ నురగమ్మ అనేవారు. నెత్తురు మరకైనా, మందు మరకైనా ఆవిడ చేతిలో పడితే బతికి బయటపడేది కాదు. ఉద్యోగం మానేశాక ఆ గర్వానికి ఇంట్లో పని లేకుండా పోయింది. పనిలేని గర్వం ఊరికే కూర్చుంటుందా? పక్కవాళ్ళ పనిలో వేలు పెడుతుంది.

కోడలికి బళ్ళో డ్రిల్లు టీచరు ఉద్యోగం వచ్చింది. మర్నాడే మొదటి రోజు. తెల్లబూట్లు లేనిదే మైదానంలో అడుగు పెట్టనివ్వరట. ఆ పిల్ల తన పాత గుడ్డబూట్ల తాళ్ళు విప్పి, అరిగిపోయిన టూత్‌బ్రష్షు మీద పేస్టు వేసి, రబ్బరు అంచులు రుద్దుతూ కూర్చుంది.

"ఏమే, బూట్లకు కూడా పళ్ళు మొలిచాయా?" అంది నురగమ్మ.

"గట్టి మందులు వేస్తే జిగురు పోతుందత్తయ్యా. ఇలా తుడిచి, తెల్లకాగితం చుట్టి నీడన పెట్టాలి."

"నీడన పెడితే బూజు పడుతుంది. నాకు చెప్పొచ్చావు!"

కోడలు నవ్వేసి, బూట్లకు కాగితం చుట్టి బజారుకు వెళ్ళింది. ఆ పిల్ల మలుపు తిరిగిందో లేదో, నురగమ్మ కాగితం విప్పింది. బకెట్ నీళ్ళలో మూడు చెంచాల బ్లీచింగ్ పౌడర్ కలిపి, బూట్లు గంటసేపు నానబెట్టి, మేడమీద మండుటెండలో పెట్టింది. దుప్పటికి కుదిరిన వైద్యం బూటుకు కుదరదా అనుకుంది. కుదరలేదు. పొద్దు వాలేసరికి రబ్బరు పచ్చగా పసుపు పూసినట్టయింది. మడమ దగ్గర జిగురు వదిలి బూటు నోరు తెరిచింది. బజారుకు వెళ్ళిన కోడలు ఇంకా రాలేదు. నురగమ్మ గబగబా మళ్ళీ కాగితం చుట్టి, ఎక్కడివక్కడ పెట్టేసింది.

పొద్దున్నే కాగితం విప్పగానే కోడలికి బ్లీచింగ్ వాసన గుప్పుమంది. అడుగు దూరంలో ఉన్న మొగుడికి మాత్రం తెలియలేదు. బట్టలుతకని ముక్కుకు ఆ వాసనేం తెలుస్తుంది?

"మొదటి రోజే ఇలాగా? కాళ్ళకు వేసుకునేవి కూడా చూసుకోలేవా? అమ్మకిస్తే పాలలా చేసిచ్చేదిగా!" అని విరుచుకుపడ్డాడు.

కోడలు ఒక్కసారి అత్తగారివైపు చూసింది. వీధి చివరికి వినబడేలా మాట్లాడే నురగమ్మ తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తూ నిలబడింది. కోడలు ఊడిన మడమను రబ్బరు బ్యాండుతో బిగించుకుని, ఆ బూట్లతోనే వెళ్ళింది.

మధ్యాహ్నం తిరిగొచ్చింది. పిల్లల ముందు నిలబడనివ్వలేదట. మైదానం గట్టున బల్ల మీద కూర్చోబెట్టి హాజరు రాయించారట. మంచినీళ్ళు తాగుతూ మామూలుగానే చెప్పింది. తిట్టినా బాగుండేది. ఆ మామూలు మాటే నురగమ్మను కోసేసింది.

సాయంత్రం కొడుకు గుమ్మంలో కాలు పెట్టగానే అనేసింది. "ఒరేయ్, ఆ బూట్లు పాడుచేసింది నేనురా."

కొడుకు నవ్వాడు. "ఊరుకోమ్మా! నీ చేతిలో పడ్డ తెలుపు పాడవుతుందా? కోడల్ని వెనకేసుకు రాకు."

"కాదురా, నిజంగా..."

"నీ మంచితనం నాకు తెలీదూ!"

ముప్ఫై రెండేళ్ళ పేరు అడ్డం పడింది. తప్పు చేయడానికి గంట సరిపోయింది గానీ, చేశానని నమ్మించడానికి తలప్రాణం తోకకొచ్చింది. ఎన్ని చెంచాలు, ఎంతసేపు, ఏ గోడ పక్కన ఎండ, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. దొంగలా మళ్ళీ కాగితం చుట్టిన సంగతి కూడా దాచలేదు. అప్పటికి గానీ కొడుకు నవ్వు ఆగలేదు.

"పొద్దున నేను దాన్ని తిడుతుంటే నువ్వక్కడే ఉన్నావు కదమ్మా?"

"ఉన్నాను," అంది నురగమ్మ. తలెత్తలేక కోడలివైపు తిరిగింది. "నువ్వైనా చెప్పొచ్చు కదే!"

"మీరు చెబితేనే నమ్మలేదు కదత్తయ్యా."