మకెరెటా పడవల పేజీ

సువా పట్నంలోని మా ప్రెస్సులో మకెరెటా కన్నంటే అందరికీ హడల్. పోస్టర్ మీద అక్షరం వెంట్రుకవాసి పక్కకు జరిగినా గుమ్మంలోంచే పట్టేస్తుంది. పక్క బల్ల నాది కావడంతో ఆమె తిట్లలో సగం నాకే దక్కేవి.

పోస్టర్లు వేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఓ రోజు మా యజమాని రామ్‌సమూజ్ గారు టీ గ్లాసుతో వచ్చి, దీవులకు పడవలు నడిపే కంపెనీవాళ్లకు ఇంటర్నెట్ పేజీ కావాలన్నారు.

"నువ్వే చెయ్యి మకెరెటా. ఆ హెచ్‌టీఎంఎల్ కొత్త రకం వచ్చిందటగా, నేర్చుకో. నీకు రాకపోతే వచ్చినవాళ్లని పెట్టుకుంటా. తర్వాత నన్ను అనుకుని లాభం లేదు."

మనిషి చెడ్డవాడు కాదు, మొహమాటం లేదంతే.

ప్రతి ముక్కకీ ముందూ వెనకా ఒక గుర్తు పెట్టి, ఇది పెద్ద శీర్షిక, ఇది చిన్న శీర్షిక, ఇది మామూలు పేరా అని కంప్యూటర్‌కి చెప్పడమే ఆ భాష. రూపం సంగతి వేరేచోట రాసుకోవాలి. మకెరెటాకు అది ఒంటబట్టలేదు.

"ఎక్కడ పెట్టాలో చెప్పనివ్వదు, ఇదేం భాష?" అని రోజూ నా ప్రాణం తీసేది.

చివరికి తనకు తెలిసిన దారినే పోయింది. పెద్ద శీర్షిక గుర్తు పెడితే అక్షరాలు లావుగా వస్తాయని, 'అలల మీద హాయిగా' అన్న ప్రచార వాక్యానికి దాన్ని తగిలించింది. దీవుల పేర్లు సన్నగా ఉంటేనే ముచ్చటని వాటిని మామూలు పేరాలుగా వదిలేసింది. ఎడం కావలసిన చోటల్లా ఖాళీ పేరాలు కుక్కింది. తెర మీద మాత్రం పేజీ కడిగిన ముత్యంలా ఉంది. నేనైతే ఈల వేశాను.

అయితే చూపులేనివాళ్లకూ పేజీ అక్కరకు రావాలని కంపెనీవాళ్లు షరతు పెట్టారు. మకెరెటా భర్త మేనమామ అపిసాయికి ఎప్పుడో చూపు పోయింది. పేజీలో ఉన్నది ఆయన ఫోను పైకి చదివి వినిపిస్తుంది. ఆ సాయంత్రం వాళ్లింట్లో చాప మీద, అందరూ కలిసి తాగే కావా పానీయం గిన్నె చుట్టూ కూర్చున్నాం.

"కందావు దీవికి పడవ ఎప్పుడో చూడు మామయ్యా" అంది మకెరెటా.

ఆయన శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ వెతుకుతారు. 'అలల మీద హాయిగా' అంది ఫోను. దూకడానికి ఇంకో శీర్షిక లేదు. మొదటి నుంచి చదవమంటే 'ఖాళీ, ఖాళీ, ఖాళీ' అంది.

"హాయి సరేనమ్మా, పడవేదీ?" అన్నారాయన. మేమందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

"అక్కడే ఉంది మామయ్యా. ఎడమ పక్కన, నీలం గీత కింద."

"నాకు నీలమేమిటి, ఎడమేమిటి? ఈ గిన్నె దగ్గరికి మనిషొస్తే ఏమంటాం? వచ్చింది ఊరి పెద్దా, చుట్టమా, ఇంటి కోడలా అని చెబుతాం. కూర్చునే చోటు దాన్ని బట్టే. నువ్వేమో చోట్లు చెబుతున్నావు, వచ్చిందెవరో చెప్పడం లేదు."

ఆమె మొహం మాడ్చుకుంది. నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "ఇన్నాళ్లూ నా కన్నే నాకింత తిండి పెట్టింది" అంది. నాకు జాలేసింది.

మర్నాడు అంతా తిరగరాసింది. 'పడవల వేళలు' పెద్ద శీర్షిక, ఒక్కో దీవీ చిన్న శీర్షిక. హాయి వెళ్లి మామూలు పేరాలో కూర్చుంది. ఖాళీలన్నీ ఎగిరిపోయాయి. రూపం రాయడానికి ఇంకా వ్యవధి దొరకలేదు. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు, అంతే. ఆ పేజీనే రామ్‌సమూజ్ గారి బల్ల మీది కంప్యూటర్‌లోనూ, అపిసాయి ఫోనులోనూ తెరిచి, ఆయన్ని తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది. చీర కొంగు లేదు గనక గౌను అంచే నలుపుతూ నిలబడింది.

అపిసాయి వేలు ఫోను మీద రెండు మూడుసార్లు కదిలింది. ఫోను 'కందావు' అంది. ఆయన ఆగి, చెవి దగ్గర పెట్టుకున్నారు.

"మంగళవారం సాయంత్రమట. వెళ్తాను. మా చెల్లెల్ని చూసి చాలా కాలమైంది."

రామ్‌సమూజ్ గారు గ్లాసు కింద పెట్టారు. "పని నీదే మకెరెటా. రంగులు తర్వాత తీరిగ్గా వేసుకో."

ఆమె మాత్రం ఇంకా తెరవంకే చూస్తోంది. "ఏమనుకోకు మామయ్యా. పేజీ చూడ్డానికి దరిద్రంగా ఉంది."

"ఉంటే ఉండనీ" అన్నారు అపిసాయి, కర్ర కోసం తడుముకుంటూ. "నాకు ఇవాళే కదమ్మా కనబడింది."