అత్త ఊపిరి, చిన్నాయన జీపు

పోయిన వారం మా అల్లుడి కారులో గిద్దలూరు పోతుంటే, మా అమ్మాయి సంచిలోంచి చిన్న పెట్టె ఒకటి తీసి, దాని వైరును కారు సాకెట్లో గుచ్చి, తన లాప్‌టాప్‌ను దానికి తగిలించింది. పెట్టెలో బుల్లి ఫ్యాను జుయ్యిమని తిరగడం మొదలుపెట్టింది. "ఇన్వర్టరు నాయనా. కారు బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటులాగా చేసి ఇస్తుంది" అని నాకు తెలియదన్నట్టు చెప్పింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. అది వినబడితే చాలు, దానితోపాటు రెండు గొంతులు పోట్లాడుకోవడం కూడా వినబడుతుంది. ఒకటి మా అత్తది, రెండోది మా చిన్నాయనది.

అత్త మా నాయనకు అక్క. చిన్నాయన మా నాయనకు తమ్ముడు. మా నాయన పోయాక వాళ్లిద్దరి మధ్య మిగిలిన అడ్డుగోడ మా ఇల్లొక్కటే. తర్లుపాడు దగ్గరి మా ఊళ్లో అటు అత్త ఇల్లు, ఇటు చిన్నాయన ఇల్లు, నడుమ మేము. చిన్నాయన తన చేలో లోతుగా కొత్త బోరు వేయించిన ఏడాదే, పక్క చేలో అత్త పాత బోరు ఎండిపోయింది. ఆ బోరు మీదే ఆమె మేకలు, బెండ మడి, ఒంటరి బతుకు ఆధారపడి ఉండేవి. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటలు లేవు, తిట్లు మాత్రం ఉన్నాయి. అవి కూడా నేరుగా కాదు, నా మీదుగా పోయేవి. పెళ్లిళ్లలో వీళ్లిద్దరినీ ఒకే బంతిలో కూర్చోకుండా చూసే ఉద్యోగం కూడా నాదే. జీతం లేదు, సెలవు లేదు.

అత్త వయసులో ఉన్నప్పుడు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసింది. రాతిని పలచగా కోసేటప్పుడు లేచే దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో చేరి, ముసలితనంలో లెక్క తీర్చుకోవడం మొదలుపెట్టింది. ఆస్పత్రి వాళ్లు ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టి మందును ఆవిరిలా పట్టించే మిషనొకటి కొనిపించారు. పొద్దునా సాయంత్రం అది పట్టుకుంటేనే ఆమె నాలుగడుగులు వేసేది, నాలుగు మాటలు అనేది. అది నడవాలంటే ఇంటి కరెంటు ఉండాలి.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఎండాకాలం గాలివాన వచ్చి మా దారి వెంబడి స్తంభాలన్నీ పడగొట్టింది. ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. లైన్‌మన్ వచ్చి చూసి, పెద్ద ఊళ్ల పని అయ్యాకే ఇటు వస్తామని చెప్పి పోయాడు. మర్నాటికి అత్త మంచం మీద ముందుకు వంగి కూర్చుని, చేపలాగా నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటోంది. పెదవులు నల్లబడ్డాయి. మార్కాపురం ఆస్పత్రికి పోదామంటే తల అడ్డంగా ఊపింది.

"నేను పోతే మేకలను ఎవురు చూస్తారు, వాడా?" అంది, మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి.

ఆ వాడికి, అంటే చిన్నాయనకు, ఒక పాత జీపుంది. వారానికోసారి గొర్రెలను సంతకు తోలేవాడు, పెళ్లిళ్ల కాలంలో ఊరేగింపులకు తిప్పేవాడు. ఊరేగింపులో మైకుసెట్టు కోసం ఇన్వర్టరు కొని సీటు కింద పెట్టుకున్నాడు. నేను పరుగెత్తి విషయం చెప్పాను. చిన్నాయన తీరిగ్గా మీసం దువ్వుకుని, "అయితే ఆమె నోటితో అడగమను" అన్నాడు. వెనక్కి వచ్చి అత్తకు చెప్పాను. ఆమె కళ్లెర్రజేసింది.

"వాని బోరు నా నీళ్లు తాగింది. ఇప్పుడు వాని కరెంటు నేను తాగల్నా? వద్దని చెప్పు."

ఆ మాట చిన్నాయనకు చేరవేస్తూ, ఇక ఆమె బతకదనుకున్నాను. ఆయన మాత్రం ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "వద్దంటదా? ఆమె మాట నేను ఎప్పుడు విన్నా, ఇప్పుడు వినేదానికి?" అని జీపెక్కాడు. నేను పక్కన కూర్చునేలోపే అది కదిలింది.

జీపు వెనక భాగం వాకిట్లోకి పెడితే పొగంతా అత్త మీదికి పోతుంది. అందుకని జీపు ముక్కు లోపలికి పెట్టాలనుకున్నాడు. దారి చాలక ఆమె ముళ్లకంచెను తొక్కించుకుంటూ లోపలికి దూరాడు. మేకలు చెల్లాచెదురయ్యాయి. ముందు ఇన్వర్టరును జీపు సాకెట్లో గుచ్చితే ఫ్యూజు టప్పుమని పోయింది. జీపును బూతులు తిడుతూ బానెట్ ఎత్తి, ఎర్ర వైరును, నల్ల వైరును నేరుగా బ్యాటరీకే కరిపించాడు. ఇంజను ఆపకుండా, పొడుగు వైరును కిటికీలోంచి మంచం దాకా లాగాం. మిషను ఒకసారి మూలిగి గుర్రుమంది. మాస్కులో తెల్లటి ఆవిరి లేచింది.

అత్త గోడవైపు తిరిగి పీల్చింది. కాసేపటికి ఆమె పెదవుల నలుపు తగ్గింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆమె మాస్కు పక్కకు జరిపి, వచ్చిన మొదటి ఊపిరిని ఇందుకు ఖర్చు చేసింది:

"కంచె ఎవురు కడతారు? పొగబెట్టి చంపేదానికి వచ్చినాడు."

"తిట్టేదానికి సత్తువొచ్చింది కదా, మాస్కు పెట్టుకోమను" అన్నాడు చిన్నాయన వాకిట్లోంచి.

కరెంటు వచ్చేదాకా పొద్దునా సాయంత్రం ఇదే వరస. ఆయన వచ్చి వైర్లు తగిలించేవాడు, ఆమె గోడవైపు తిరిగేది. మందు అయిపోయేదాకా ఆయన బానెట్‌కు ఆనుకుని బీడీ కూడా కాల్చకుండా నిలబడేవాడు. కాల్చితే ఆమె మళ్లీ పొగబెట్టాడంటుందని భయం. ఆ భయాన్ని కూడా కోపంగానే చూపించేవాడు. ఒక సాయంత్రం జీపులో డీజిలు అయిపోయి ఇంజను ఆగింది. మందు సగంలో ఉంది. ఇన్వర్టరు బ్యాటరీ తగ్గిందని కీచుకీచుమని అరుస్తున్నా ఆయన వైర్లు పీకలేదు. మందు అయ్యేసరికి బ్యాటరీ కూడా అయిపోయింది. మర్నాడు డీజిలు పోసినా, మేమంతా కలిసి తోసినా జీపు స్టార్టు కాలేదు. పక్క ఊరి ట్రాక్టరు బ్యాటరీ అరువు తెచ్చి పొద్దుటి మందు ఆమెకు పట్టించాడు. ఆ వారం సంత పోయింది. కొనేవాడు మాటిచ్చి ఉంచిన పొట్టేళ్లు దొడ్లోనే ఉండిపోయాయి. అత్తకు ఆ సంగతి నేను చెబితే, "ఎవురు చేయమన్నారు?" అంది.

కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చి బల్బు వెలగగానే చిన్నాయన వైర్లు చుట్టుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు. ఇక ఇద్దరూ కలుస్తారని నాకు లోలోపల ఆశ పుట్టింది. ఆ ఆశకు ఆయుష్షు తక్కువ. కాస్త తేరుకోగానే అత్త ఉతికిన చీర కట్టుకుని, ఆటో ఎక్కి మండల ఆఫీసుకు పోయి, తమ్ముడి బోరు తన బోరును ఎండబెట్టిందని ఫిర్యాదు చేసి వచ్చింది. ఇన్నాళ్లూ పోదామనుకుంటే ఊపిరి చాలలేదట.

చిన్నాయన మా అరుగు మీద కూర్చుని, అటువైపు వినబడేటట్టు అరిచాడు. "చూసినావారా? నేను పోసిన ఊపిరితో నా మీదనే పోయి చెప్పింది."

"ఊపిరి ఊరికే పోసినాడా? నా నీళ్లు తాగి పోసినాడు" అని అటునుంచి జవాబు వచ్చింది. గొంతు ఖంగుమంది. అంత బలంగా ఆమె మాట్లాడగా విని చాలా కాలమైంది.

ఆఫీసు వాళ్లు వచ్చి రెండు బోర్లూ చూసి, ఏమీ తేల్చకుండా పోయారు. అత్త ఆ పోరు వదలకుండానే కొన్నేళ్లకు పోయింది. చిన్నాయన ఇప్పటికీ ఉన్నాడు. అత్త చేను పక్కనుంచి నడిచేటప్పుడు ఆమెను తిట్టడానికి నోరు తెరుస్తాడు, నాలుగు మాటలయ్యాక ఆగిపోతాడు. కాలం పగలను చల్లారుస్తుందని అందరూ అంటారు. మా ఇంట్లో అది చేసిందల్లా, జవాబు చెప్పే మనిషిని తీసుకుపోవడమే.