మూఢంలో చిక్కుకున్న సర్టిఫికెట్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మే నెల చివర్లో, కర్నూలులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ సిస్టమ్స్ అనలిస్టుగా ఉన్న నన్ను బేతంచెర్లకు తాత్కాలిక విధుల మీద పంపారు. నాపరాయి లారీలకు రవాణా పర్మిట్లు కంప్యూటర్లో ఇచ్చే కొత్త పద్ధతి అక్కడ మొదలై వారం తిరగలేదు. ప్రారంభోత్సవం రోజు కెమెరాల ముందు, సర్వర్‌తో పనిలేకుండా ముందే సిద్ధం చేసిన ఒక నమూనా పర్మిట్ అచ్చయింది. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్కటి రాలేదు. చేతిరాత పర్మిట్లు అదే రోజు రద్దు చేశారు కాబట్టి, బండలు నింపుకున్న లారీలు రైల్వే స్టేషన్ దాకా బారులు తీరాయి.

నేను చేరేలోపే దోషి దొరికిపోయింది. ఆ ఆఫీసు అధిపతి అసిస్టెంట్ డైరెక్టర్. ఏడీ గారు అనేవాళ్లం. ఆయన తప్పంతా కాంట్రాక్టు ఆపరేటర్ షాహీనాదని తేల్చి మెమో ఇచ్చారు. సాయంత్రంలోగా మిషన్ పనిచేయకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. మా శాఖలో ముందు మెమో ఇస్తారు, తీరిక దొరికితే తప్పు వెతుకుతారు. ఆ అమ్మాయి జీతంతోనే వాళ్ల ఇల్లు నడిచేది.

ఇక అసలు పని. బేతంచెర్ల కంప్యూటరు కర్నూలు సర్వర్‌తో రహస్య లిపిలో మాట్లాడుతుంది. దారి మధ్యలో కూర్చుని చూసేవాడికి చాలావరకు గజిబిజే కనిపిస్తుంది. కానీ ఆ మాటల్ని రహస్య లిపిలోకి మార్చేదీ, విప్పేదీ మన కంప్యూటర్లోనే ఉండే ఒక లైబ్రరీ. సందేశం పంపినప్పుడల్లా, అందుకున్నప్పుడల్లా నేను రాసిన ఫలానా ఫంక్షన్‌ను పిలిచి చూపించమని దానికి ముందే చెప్పిపెట్టుకోవచ్చు. దాన్నే కాల్‌బ్యాక్ అంటాం. సందేశం ఎటు నుంచి ఎటు పోతోంది, ఏ రకానిది, ఎంత పొడవు, లోపల ఏముంది అన్నవి లైబ్రరీ దానికి అందిస్తుంది. కాల్‌బ్యాక్ చూసి చెబుతుంది, సందేశంలో అక్షరం కూడా మార్చదు.

ఈ కాల్‌బ్యాక్ తగిలిస్తానని చెబితే ఏడీ గారు బెదిరిపోయారు. "సెక్యూర్ అంటిరి, మళ్లా లోపల చూస్తామంటాండారు, ఏందప్పా ఇది?" అన్నారు. చూసేది మన ఇంట్లో కూర్చునే అని చెప్పినా, లిఖితపూర్వక అనుమతి కావాలన్నారు. అనుమతి ఇవ్వాల్సిందీ ఆయనే. నా లేఖను తన పేరు మీదే తపాలా రిజిస్టర్లో ఎక్కించుకుని, భోజనం ముగించి, కునుకు తీసి, ఆమోదించారు.

ఈలోగా మద్దిలేటి అనే లారీ యజమాని కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "సారూ, చేత్తో రాసిచ్చే దినాల్లో నా బండి యాడా నిలబడల్యా. ఈ మిషన్ వచ్చినప్పట్నుంచీ ఈడ్నే ఉండాది" అన్నాడు.

కాల్‌బ్యాక్ తగిలించి కనెక్షన్ ప్రయత్నించాను. మన పలకరింపు వెళ్లింది. కర్నూలు నుంచి బదులొచ్చింది. వెనకే సర్టిఫికెట్, అంటే సర్వర్ గుర్తింపు పత్రం, వచ్చింది. ఆ వెంటనే ఈ పత్రం చెల్లదంటూ ఒక హెచ్చరిక, దాంతో సంభాషణ ముగిసింది. మెమో షాహీనాకు ఇచ్చినా, అన్ని రోజులూ అందరూ తిట్టింది కర్నూలు సర్వర్‌నే. తీరా చూస్తే ఆ హెచ్చరిక పంపింది బేతంచెర్లే.

పత్రం విప్పి చూశాను. మే నెల మొదటి తేదీ నుంచి చెల్లుతుంది. కంప్యూటర్ గడియారం చూశాను. ఏప్రిల్ నడుస్తోంది. ఆ మిషన్ లెక్కలో సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు.

షాహీనా గొంతు తగ్గించి చెప్పింది. "నేను ముట్టుకోల్యా సార్. ప్రారంభం రోజు ఏడీ సారే మార్పిచ్చినారు. శిలాఫలకం మీదున్న తేదీనే మిషన్లో ఉండల్ల, ఎవురూ ముట్టుకోవద్దన్నారు."

విషయం అప్పుడు బోధపడింది. ప్రారంభించాల్సిన నాయకుడి వీలు చూసి ఏప్రిల్లో ముహూర్తం పెట్టారు, బేతంచెర్ల బండ మీద తేదీ చెక్కించారు. ఆయన ఆ రోజు రాలేదు. వచ్చేసరికి మూఢం పట్టింది. మూఢంలో ప్రారంభం కూడదు, చెక్కిన బండ చెరపడం కుదరదు. అందుకని కాలాన్నే వెనక్కి జరిపారు.

ఏడీ గారికి చెబితే, "మూఢం పోయేదాంక ఆగితే కాదా?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. బయట అన్ని లారీలు, లోపల ఒక అమ్మాయి అన్నం ముద్ద, ఈయనకేమో పంచాంగం! మెమో వెనక్కి తీసుకోకపోతే, కాల్‌బ్యాక్ చూపినదంతా, తేదీ ఎవరు మార్పించారో సహా, నివేదికకు జతచేస్తానని చెప్పాను. ఆయన మెమోను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. కానీ గడియారం ముట్టుకోవడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"మా ఇండ్లల్లో మూఢాలు లేవు సార్, నేను మార్చేదా?" అంది షాహీనా.

ఏడీ గారు ఫ్యాను వంక చూశారు. మా శాఖలో దాన్ని మౌఖిక ఆమోదం అంటారు. ఆమె తేదీ సరిచేసింది. టీ తాగేలోపు మద్దిలేటి పర్మిట్ అచ్చయింది.

ఆ పని నాకు నేర్పింది ఇంతే: కనెక్షన్ తెగినప్పుడు తెంచింది ఎవరో ముందు చూసుకోవాలి, అవతలివాణ్ని తర్వాత తిట్టొచ్చు. మెమో వెనక్కి తీసుకున్నారు కాబట్టి నివేదికలో 'సాంకేతిక కారణాలు' అని మాత్రమే రాశాను. కొత్త విధానాన్ని సకాలంలో ప్రవేశపెట్టినందుకు ఏడీ గారికి ప్రశంసాపత్రం వచ్చింది. దాని మీది తేదీ కూడా మూఢంలోదే, దాన్ని మాత్రం ఎవరూ మార్పించలేదు.