పితూరీ రోజుల్లో మా అరుగు

మన్యంలో కొండవాళ్ళు తిరగబడి పితూరీ లేచిన ఏడాది నేను రాజమహేంద్రవరంలో మా మామగారింట ఉంటూ కోర్టులో నకళ్ళు రాసే పని చేసేవాణ్ణి. మామగారు వకీలు. ఆయనకు వారంవారం పత్రిక వచ్చేది. చూపు మందగించడంతో సాయంత్రాలు నాచేత చదివించుకునేవారు. అంతకుముందు కాలవల సంగతో, ధాన్యం ధరో చదివితే వినడానికి ఎదురింటి ముసలాయన తప్ప ఎవరూ వచ్చేవారు కారు. పితూరీ కబుర్లు మొదలయ్యాక అరుగు చాలక జనం వీధిలో నిలబడేవారు.

కొండవాళ్ళ కల్లు మీద పన్ను వేశారని దొరల మీద అందరికీ కోపమే. నాకూ ఉండేది. ఫలానా ఠాణా తగలబడిందని చదివితే "భేష్!" అని తొడలు చరిచేవారు. జవానును చంపారని చదివితే, "కత్తితోనా, తుపాకీతోనా? అది రాయలేదాండీ?" అని అడిగేవారు. రాయలేదంటే చిన్నబుచ్చుకునేవారు.

ఒక సాయంత్రం, జవాన్లకు బియ్యం తీసుకెళుతున్న పడవల మీద కొండవాళ్ళు కాల్పులు జరిపారనీ, ఇద్దరు జవాన్లూ ఒక పడవవాడూ చనిపోయారనీ చదివాను.

"ఆ ముక్క మళ్ళీ చదవండి!" అన్నారెవరో. చదివాను. చప్పట్లు కొట్టారు.

మా వీధిలో చేపలమ్మే ఆవిడ ఆ వేళప్పుడే ఇంటికి పోతూ ఆగినట్టుంది. తట్ట దించి ముందుకొచ్చింది.

"ఆ పడవోడి పేరేంటండీ బాబుగారూ?"

"పేరు వెయ్యలేదమ్మా."

"మావోడు బియ్యం పడవ మీదే ఎళ్ళాడండి. మనిషెలా ఉంటాడో రాశారేమో చూడండి. ఎడం చెవికి పోగుంటాదండి."

ఎవరో నవ్వారు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. ఉన్నది ఒక్క వాక్యం. దానివైపే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు కలెక్టరు కచేరీలో అడిగాను. జవాన్ల పేర్లు చెప్పారు కానీ, పడవవాళ్ళు కంట్రాక్టరు మనుషులు, తమకు తెలియదన్నారు. కంట్రాక్టరు పడవలు తిరిగొచ్చాక చూద్దామన్నాడు. పడవలు వచ్చాయి. ఆమె భర్త రాలేదు. తోటివాడు మాత్రం, "కాల్పులు మొదలవగానే నీళ్ళలోకి దూకాడు. తేలడం నేను చూళ్ళేదు," అన్నాడు. చనిపోయిన పడవవాడు ఇతనో, వెనక పడవలో ఇంకొకడో తేల్చి చెప్పేవాళ్ళు లేకపోయారు.

తర్వాత పితూరీవాళ్ళు పల్లపు ఊళ్ళ మీద పడి కొట్లు దోచారని పత్రికలో వచ్చింది. రేపోమాపో మన ఊరికీ వస్తారని పుకారు. అంతే, మా అరుగు మాట మారిపోయింది. "పట్టుకుని ముక్కలు చెయ్యాలండీ," అన్నారు, తొడలు చరిచినవాళ్ళే.

పట్టుబడ్డవాళ్ళను పడవలో మా రేవుకు తెచ్చిన రోజు ఊరంతా అక్కడే ఉంది. జైలుకు నడిపిస్తుంటే రాళ్ళు విసిరారు. వద్దని నేను అరిచిన అరుపు నాకే వినపడలేదు. చేపలావిడ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి సంకెళ్ళలో ఉన్న ఒకతని ఎదుట నిలబడింది.

"బియ్యం పడవల మీద కాల్చింది నువ్వేనా? చెవిపోగు మనిషిని చూశావా?"

అతని నుదుటి నుంచి నెత్తురు కారుతోంది. "ఏ పడవలు తల్లీ?" అన్నాడు. జవాను అతన్ని ముందుకు నెట్టాడు.

ఆమె నావైపు తిరిగింది. "ఆడికీ తెలీదంట బాబుగారూ."

గట్టున దించిన తట్ట ఎత్తి ఆమె తలమీద పెట్టాను.

ఆ వారం నుంచి అరుగు మీద చదువు వద్దన్నారు మామగారు. జనం పక్కవీధికి పోయారు. అక్కడ చదివేవాడు తుపాకీ చప్పుళ్ళు కూడా నోటితో చేసేవాడట.

కొన్నాళ్ళకు ఆమె మామగారి దగ్గరికొచ్చి, "మావోళ్ళు బొట్టు తియ్యమంటన్నారండి. తియ్యమంటారా, ఉంచమంటారా?" అని అడిగింది. ఎన్నో దావాలు వాదించిన మనిషి, "అది నేను చెప్పగలిగింది కాదమ్మా," అన్నారు. ఆమె వెళ్ళిపోయింది. పాలకొల్లు దగ్గర చెల్లెలింటికి చేరిందని తర్వాత విన్నాను. వెళ్ళేటప్పుడు ముఖాన బొట్టు ఉందన్నారు.